లుండ్వే దీవి కోసం తమరు అడగవలసిన పడవ

లుండ్వే దీవి, చేపల రేవు,
నవంబరు నెల, వానలకు ముందు.

జాతీయ ఎన్నికల సంఘంలో విదేశీ సహాయ విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

లుండ్వే యువజన పఠన సంఘం కార్యదర్శి (ప్రస్తుతానికి సభ్యుడు కూడా నేనొక్కడినే) మసౌకో కపిరా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లుండ్వే పోలింగు కేంద్రానికి మోటారు పడవ, లైఫ్ జాకెట్లు కావలెనని అంతర్జాతీయ ఎన్నికల సహాయ సంస్థకు తమ సంతకంతో అదనపు అభ్యర్థన పంపుట గురించి; మరియు జూలైలో వచ్చిన సదరు సంస్థ బృందానికి మా ఊరు చూపించినది మా ఊరు కాదని తెలియజేసుకొనుట గురించి.

పై విషయమునకు సంబంధించి సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, తమరు నన్ను గుర్తుపట్టగలరు. ఆ రోజు బడి గదిలో అందరికంటే చివర లేచి మాట్లాడిన కుర్రాడిని నేనే. మాట్లాడడం అయ్యాక తమరు దగ్గరికి వచ్చి నా భుజం తట్టారు. ఆ తర్వాత చాలాకాలం ఆ భుజాన్ని చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు ఆ పక్కకి తిరిగి పడుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. కారణాలు ఈ దిగువ పేర్కొనడమైనది.

1. ముందుగా నియమాల సంగతి. తమకు తెలియవని కాదు, నాకు తెలుసునని తెలియజేసుకొనుటకు.

వారానికోసారి వచ్చే స్టీమరులో సరుకుల గుమాస్తా ఒకాయన, పట్టణంలో పంచగా మిగిలిపోయిన పౌర విద్య కరపత్రాలు నా కోసం దాచి తెస్తాడు. వాటిని ఉసీపా చేపలు పొట్లం కట్టడానికి అడిగిన వాళ్ళకి కూడా ఇవ్వకుండా చదువుకున్నాను. వాటి వల్ల నాకు తెలిసినది: ఒక దేశం తన ఎన్నికలకు బయటి సాయం పొందాలంటే ఆ అడిగే నోరు ప్రభుత్వానిదో ఎన్నికల సంఘానిదో అయివుండాలి. లేదంటే దేశాలన్నీ కూర్చునే పెద్ద సభ తీర్మానం చేయాలి. పార్టీ అడిగితే చెల్లదు. ఊరిపెద్ద అడిగితే చెల్లదు. అడిగిన తర్వాత ఒక బృందం వచ్చి, అవసరం నిజంగా ఉందా, ఉంటే ఏ మేరకు ఉంది అని తన కళ్ళతో చూస్తుంది. చూసినదాన్ని బట్టే సాయం. ఇదంతా ఎన్నికలకు చాలా ముందుగా జరగాలి. సాయం వచ్చినా ఎన్నికలు మనవే, నడిపేది మనమే.

ఇది చదవకముందు, అంటే నిరుడు, నేనే నేరుగా ఆ సంస్థకు రాశాను. మా దీవికి పడవ లేదని, ఉన్న దోనె చెట్టు మాను తొలిచి చేసినదని, మ్వేరా గాలి లేచినప్పుడు సరస్సు ఆ దోనెను బొంగరంలా తిప్పుతుందని రాశాను. చాలా మర్యాదగా జవాబు వచ్చింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు, అయితే దేశ ప్రభుత్వం గాని ఎన్నికల అధికారులు గాని కోరినప్పుడే మేము ముందుకు రాగలము అని.

ఆ జవాబు పట్టుకుని చేపలు ఎండబెట్టే బల్లల దగ్గరికి వెళ్ళి ఆవేశంగా చదివి వినిపించాను. ఫైనెస్ అక్క అని ఒకావిడ ఉంది, ఉసీపా తిరగేస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఇంతకీ ప్రపంచం ఏమందిరా మసౌకో? ఉప్పు బదులుకి వచ్చావా, పోయి మీ అమ్మని పంపించు అందా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ప్రజలే ప్రభువులని వాళ్ళకి ఉపన్యాసం ఇచ్చాను. అయితే అయ్యా, తర్వాత ఆలోచిస్తే ఫైనెస్ అక్క ఒక్క ముక్కలో చెప్పినదే నా కరపత్రాలన్నీ చెబుతున్నాయి. మా ఊళ్ళో పిల్లాడు గిన్నె పట్టుకుని ఉప్పుకి వస్తే ఇవ్వరు. ఇంట్లో నిజంగా ఉప్పు నిండుకుందో, వీడు పచ్చి మామిడికాయలోకి అడుగుతున్నాడో ఎవరికి తెలుసు? తల్లి వచ్చి అడగాలి. ఈ వ్యవహారంలో ఆ తల్లి స్థానం తమది.

2. తమరు అడగడానికి ఎందుకు వెనకాడతారో నాకు తెలుసు. నాకూ సిగ్గే.

స్వతంత్రం వచ్చి మా తాతల కాలం నాటి మాట అయింది. ఇన్నాళ్ళ తర్వాత కూడా మన ఓట్లు మనం ఒడ్డుకు చేర్చుకోవడానికి పడవ కావాలని పరాయి వాళ్ళను అడగడమంటే చెయ్యి చాపినట్టు ఉంటుంది. నేను కరపత్రాలు చదివి 'ఇది యాచన కాదు, సభ్యదేశపు హక్కు' అని మా వాళ్ళతో గొంతు చించుకుని వాదించినవాడిని. అయినా ఆ బృందం పడవ దిగుతూ ఉంటే నా చెవులు వేడెక్కాయి. వాళ్ళ బూట్లు తడవకూడదని మావాళ్ళు చెక్కలు పరుస్తుంటే నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. చదివినది తలలో ఉంటుంది, సిగ్గు చెవుల్లో ఉంటుంది కాబోలు. రెండింటికీ మాటల్లేవు.

3. ఇక జూలైలో జరిగినది. తమరు అక్కడే ఉన్నారు గాని తమకు కనిపించినది ముందు వాకిలి. వెనక వాకిలి సంగతి నేను మనవి చేసుకుంటాను.

మా దీవిలో ఒక పద్ధతి ఉంది. ఎవరింటికైనా చుట్టం వస్తే ఆ ఇంట్లో లేనివన్నీ ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి వెనక దారిన వచ్చి చేరతాయి. చాప, చెంబు, కోడి, ఒక్కోసారి మంచి బట్టలు వేసుకున్న పిల్లలు కూడా. చుట్టం ముందు 'లేదు' అనే మాట అనకూడదు. చుట్టం పడవ కంటికి కనపడనంత దూరం వెళ్ళేవరకు ఇచ్చినవాళ్ళు వస్తువు తిరిగి అడగకూడదు. దీన్ని ఎవరూ మోసం అనుకోరు. మర్యాద అనుకుంటారు.

బృందం వస్తోందని కబురు రాగానే మా ఊరిపెద్ద చికోజా గారు రేవులో సమావేశం పెట్టారు. నేను లేచి, "పెద్దాయనా, వాళ్ళు చుట్టాలు కారు. మనకి ఏం లేదో చూడ్డానికి వస్తున్నారు. లేనిది లేనట్టు చూపించాలి," అన్నాను.

"మన గడప తొక్కినవాడు చుట్టం కాకపోతే ఇంకెవడురా?" అన్నారు.

"అవసరం కనపడితేనే పడవ ఇస్తారు!"

"మరి చిరిగిన చాప మీద కూర్చోబెట్టి, ఇదిగో బాబూ మా చిరుగు, చూసి ఏమన్నా పెట్టండి అనమంటావా? మీ నాన్న ఉన్నప్పుడు ఇట్లాంటి మాటలు వినపడేవి కాదు ఈ రేవులో."

తరువాత ఏం జరిగిందంటే, తమరు దిగిన మోటారు పడవ ఊరిది కాదు. ఎండు చేపల వ్యాపారి సైదీ గారిది. మామూలు రోజుల్లో దాని మీద చెయ్యి వేస్తే తిడతాడు. ఆ రోజు మాత్రం కొత్త చితెంజె గుడ్డ పరిచి, "మన ఊరి పడవే, ఎక్కండి, ఎక్కండి," అన్నాడు. పోలింగు గదిలో తమరు చూసిన సౌర దీపాలు ఊళ్ళో ఇంటింటి దీపాలు. నీలం కుర్చీలు అవతలి ఒడ్డు చర్చివి. తమరు బడిలో లేచి ఊరిపెద్ద ఇంటికి ముందు దారిన నడుస్తుండగా అవే కుర్చీలు మా కుర్రాళ్ళ నెత్తిన వెనక దారిన పరిగెత్తాయి. అక్కడి నుంచి మళ్ళీ భోజనాల చోటుకి. బృందం నాయకురాలు, ఆ నెరిసిన జుట్టావిడ, ఎక్కడ కూర్చున్నా ఆవిడకు చెయ్యి దగ్గర కాలిన మచ్చ ఉన్న కుర్చీయే వచ్చింది. మూడోచోట ఆవిడ ఆ మచ్చని వేలితో తడిమి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ భూమిలోకి దిగిపోవాలనిపిస్తుంది.

తమకు వడ్డించిన చంబో చేప, వరి అన్నం గురించి రాయను. తిన్న అన్నం గురించి అర్జీలో రాయడం నీచం. తమరు రెండోసారి అడిగి వేయించుకున్నందుకు మా ఆడవాళ్ళు ఇప్పటికీ సంతోషంగా చెప్పుకుంటారని మాత్రం తెలియజేసుకుంటున్నాను.

గాలి కూడా ఆ రోజు మర్యాద చేసింది. జూలైలో మ్వేరా లేని రోజు దొరకడమే అరుదు. ఆ రోజు సరస్సు పరిచిన గుడ్డలా ఉంది.

4. ఇప్పుడు బడి గది.

సదరు నాయకురాలు ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. తమరే దాన్ని మా భాషలో చెప్పారు. "గాలి లేచినప్పుడు బ్యాలెట్ పత్రాలు ఇక్కడికి ఎట్లా వస్తాయి, ఓట్ల పెట్టె ఒడ్డుకి ఎట్లా వెళుతుంది?" అని.

మా కేంద్రం ప్రిసైడింగ్ అధికారిణి ఎసినాతి గారు లేచారు. ఆవిడ మా చిన్నమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచినది ఆవిడే. ఈ బడిలోనే పంతులమ్మ. ఆవిడ చేతులు ముందు కట్టుకుని, "దేవుడి దయ వల్ల మాకేమీ ఇబ్బంది లేదండీ," అంది. ఊరిపెద్ద, "మీలాంటివాళ్ళు వచ్చాక ఇంకేం కొరత?" అన్నారు. తమరు దాన్ని ఇంగ్లీషులోకి ఇంకా బాగా మార్చారు. నాకు ఇంగ్లీషు వచ్చునని తమకు అప్పటికి తెలియదు.

అప్పుడు నేను లేచాను. గది అంతా బిగుసుకుపోయింది. ఫైనెస్ అక్క నా చొక్కా కొస పట్టుకుని లాగింది. "కూర్చోరా, పరువు తీస్తావు," అని గొణిగింది. నేను రాసుకున్న మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి: ఈ పడవ మాది కాదు, ఈ దీపాలు పోలింగువి కావు, ఈ కుర్చీలు ఇంకా కాసేపట్లో మీకంటే ముందు పరిగెడతాయి.

చిన్నమ్మ నా వైపు చూసింది. అంతే.

అయ్యా, నా నోటి వెంట వచ్చినది వేరు. పోయిన ఎన్నికల కథ చెప్పాను. ఓట్లు లెక్కించి, ఫలితం కాగితం ప్లాస్టిక్ సంచిలో చుట్టి జాకెట్టులో దాచుకుని, సీలు వేసిన పెట్టెతో చిన్నమ్మ దోనె ఎక్కడం, పొద్దు వాలుతుండగా మ్వేరా లేవడం, దోనె తిరగబడడం, తెడ్డు వేసే ముసలాయన దోనెను పట్టుకుని వేలాడడం, చిన్నమ్మ మాత్రం ఓట్ల పెట్టెను రెండు చేతులా కావలించుకుని, చేపల పడవ వచ్చేదాకా దాన్ని విడవకపోవడం. ఒడ్డున మనుషులు పెట్టెను తీసుకోబోతే కూడా ఆవిడ వేళ్ళు విప్పలేకపోయారు. రేడియోలో చెప్పారు. తమ సంఘమే ప్రశంసాపత్రం పటం కట్టించి పంపింది. అది ఆ గదిలో గోడ మీదే ఉంది. దాన్ని వేలితో చూపించి, "ఇట్లాంటి ఆడవాళ్ళు ఉన్న దేశానికి దేనికీ లోటు లేదు!" అని ఇంగ్లీషులో అరిచాను.

అందరూ చప్పట్లు కొట్టారు. తమరు భుజం తట్టారు. చిన్నమ్మ తల వంచుకుంది. అణకువ అనుకున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. రాయకపోతే ఈ అర్జీ కూడా నీలం కుర్చీలాంటిదే అవుతుంది. సాగనంపేటప్పుడు ఆ నాయకురాలు పడవలో ఒక కాలు పెట్టి, తమరు అవతల సామాను చూసుకుంటుండగా, నన్ను అడిగింది: "బాబూ, గాలి రోజున కూడా ఈ పడవేనా?" ఎవరూ వినడం లేదు. ఒక్క మాట చాలు. "అవునండీ," అన్నాను.

5. దాని ఫలితం. అక్టోబరులో జిల్లా కేంద్రంలో బృందం నివేదిక సారాంశం చదివారు. పఠన సంఘం తరఫున వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. దేశానికి ఓటర్ల జాబితాకూ సిబ్బంది శిక్షణకూ సాయం మంజూరైంది, సంతోషం. దీవుల రవాణా గురించి రాసినది: స్థానిక ఏర్పాట్లు సంతృప్తికరం, సిబ్బంది అంకితభావం అసాధారణం, కావున ప్రస్తుతం రవాణా సాయం ప్రాధాన్యంలో లేదు.

అసాధారణ అంకితభావం. ఆ రెండు మాటలకు మూలం నేను చెప్పిన కథే. బృందాన్ని నేను తప్పు పట్టను. వాళ్ళు చూసింది రాశారు, విన్నది రాశారు. ఊరంతా కుర్చీలూ దీపాలూ అప్పు తెచ్చిందని నేను చిరాకుపడ్డాను. నేను తెచ్చినది చిన్నమ్మ ధైర్యం. అదీ వెనక వాకిలి నుంచే, ఆవిడను అడగకుండానే.

తిరిగి వచ్చి రేవులో చెప్పాను. సైదీ గారు, "అయితే నా పడవ అంత బాగుందన్నమాట," అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు, ఆయనకి కూడా.

వచ్చే మే నెల ఎన్నికలకు చిన్నమ్మకే మళ్ళీ ప్రిసైడింగ్ ఉత్తర్వు వచ్చింది. మే అంటే మ్వేరా మొదలయ్యే కాలం. సైదీ గారి పడవ అప్పుడు దొరకదా అంటే, గాలి కాలంలో ఆయన దాన్ని ఒడ్డుకు లాగి బోర్లిస్తాడు. మోటారు పోతే ఆయన పిల్లల నోట్లోకి మొక్కజొన్న న్సీమా ముద్ద పోదు; ఆయన్ని అడగలేం. కాబట్టి అదే దోనె. ఉత్తర్వు వచ్చిన రోజు చిన్నమ్మ చిక్కుడు గింజలు ఏరుతోంది.

"వద్దని రాసెయ్యి చిన్నమ్మా," అన్నాను.

"ఆ పటం గోడ మీద ఉన్నంతకాలం వద్దని ఎట్లా రాస్తానురా?"

"పోనీ, పటం దింపేద్దామా?"

"మేకు నువ్వే కొట్టావు," అని మళ్ళీ గింజల్లోకి చూసింది.

6. బృందం మళ్ళీ వస్తే మళ్ళీ ఇదే జరుగుతుందని తమకు అనుమానం కలగవచ్చు. సహజం. అందువల్ల మేము సాధన చేస్తున్నామని తెలియజేసుకుంటున్నాను.

నేను చుట్టంలా రేవు నుంచి నడిచి వస్తాను. ఊరిపెద్ద గారు చింకి చాప మీద కూర్చుంటారు. నేను "మీకు పడవ ఉందా?" అని అడగాలి, ఆయన "లేదు" అనాలి. మొదటిరోజు ఆయన, "ఉంది... అంటే... వస్తోంది," అన్నారు.

"పెద్దాయనా, లేదు అనాలి."

"తెలుసురా. నోరు తిరగడం లేదు."

"మళ్ళీ అడుగుతాను. మీకు పడవ ఉందా?"

"ముందు కూర్చో, మంచినీళ్ళు తాగు. పడవ సంగతి తర్వాత."

ఫైనెస్ అక్క, "చూశావా, చుట్టం పోయేదాకా ఆ మాట అనడు," అంది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కర్ర రెండు చేతులా పట్టుకుని, నేల వైపు చూస్తూ, "లేదు," అన్నాడు. "మాకు పడవ లేదు."

ఎవరూ నవ్వలేదు. అయ్యా, నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఒక ముసలాయన ఆ మాట అనడం ఎంత కష్టమో రాయలేదు. నేను ఇన్నాళ్ళు ఆయన్ని మూర్ఖుడు అనుకున్నాను. ఆయన లేచి కండువా దులుపుకుని, నా వైపు చూడకుండా, "ఇక చాలా? మీ ఆఫీసరుకి కూడా ఇట్లాగే నేర్పించు," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట తమరిని ఉద్దేశించి అన్నదే. అందుకే దాచకుండా రాశాను. తమరు ఆ రోజు మా 'ఇబ్బంది లేదు'ని ఇంగ్లీషులో ఇంకా గొప్పగా ఎందుకు చేశారో నాకు తర్వాత అర్థమైంది. పరాయివాళ్ళ ముందు దేశం తరఫున తమరూ చాప దులుపుతున్నారు. మేమూ అదే చేశాము. తమరిని తప్పు పట్టే అర్హత మా దీవిలో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

కావున తమ సముఖమున కోరుకొనునది:

అంతర్జాతీయ సంస్థకు తమ సంఘం తరఫున అదనపు అభ్యర్థన ఒకటి తమ సంతకంతో వెంటనే పంపవలెను. అందులో లుండ్వే, ఇతర దీవుల కేంద్రాలకు మోటారు పడవ, ఎక్కేవారందరికీ లైఫ్ జాకెట్లు అని స్పష్టంగా అడగవలెను. 'వీలైతే' అని రాయవద్దని మనవి. 'వీలైతే' అంటే అక్కర్లేదని అర్థం. మేము జీవితమంతా అట్లాగే అడిగాము కాబట్టి తెలుసు. మే నెల దగ్గరపడ్డాక అడిగితే నియమం ప్రకారం సమయం చాలదంటారు, కావున వానలు ముదరకముందే పంపవలెను.

వారు మళ్ళీ చూడదలిస్తే ముందుగా కబురు పెట్టకుండా తీసుకురావలెను. గాలి ఉన్న రోజు తీసుకురావలెను. చింకి చాప మీద కూర్చోబెడతాము. ఉన్నదే పెడతాము, న్సీమా, ఉసీపా. కుర్చీలు ఉండవు. తమకు నడుము నొప్పి అయితే ముందే చెప్పండి, ఒక్క కుర్చీ మాత్రం దాచి ఉంచుతాము.

తమకు అడగడం నామోషీ అనిపిస్తే, ఇది దేశం అడగడం లేదు, ఒక దీవి వేధిస్తోంది అని ఆ కాగితంలోనే రాసుకోండి. ఆ సిగ్గు మా పేరు మీద ఉండనివ్వండి. మాకు కొంచెం అలవాటవుతోంది.

ఇంతవరకు ఓపికగా చదివినట్లయితే, చిత్తగించి, సంతకం చేయవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమరు తట్టిన భుజం గల విధేయుడు,
మసౌకో కపిరా

పక్కన నిశానీ: ఊరిపెద్ద చికోజా. (సిరాలో బొటనవేలు ముంచుతూ, "సంతకం కింద తిన్నారా అని అడుగు, మర్యాద పూర్తిగా చావనివ్వకు," అన్నారు. కావున: తమరు భోజనం చేశారా?)

తా.క. పైదంతా పూర్తిచేసి, మడిచే ముందు చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆవిడ పిల్లల పలకలు తుడుస్తూ వింది. నాలుగో అంశంలో పెట్టెను రెండు చేతులా కావలించుకున్న చోట చెయ్యెత్తి ఆపింది.

"అది నిజం కాదురా."

"రేడియోలో కూడా అదే చెప్పారు కదా చిన్నమ్మా."

"రేడియో నీళ్ళలో ఉందా?" అంది. పలక పక్కన పెట్టింది. "పెట్టె ప్లాస్టిక్‌ది. తేలింది. నేను దాన్ని పట్టుకుని తేలాను. ఓట్లను నేను కాపాడలేదు మసౌకో, ఓట్లే నన్ను కాపాడాయి. నాకు ఈత రాదు."

మా దీవిలో నడక రాని పిల్లలకు కూడా ఈత వస్తుంది.

"చిన్నప్పుడు ఒకసారి మునిగాను. అప్పట్నుంచి దిగలేదు. నీళ్ళు మోసుకొచ్చి ఇంట్లో స్నానం చేస్తుంటే పంతులమ్మ కదా, బిడియం అనుకున్నారు అందరూ. దోనెలో కళ్ళు మూసుకుంటే దేశం కోసం ప్రార్థన అని నువ్వు అందరికీ చెప్పావు. నేను నీళ్ళు కనపడకుండా మూసుకున్నాను. వేళ్ళు విప్పలేకపోయారంటే, భయమురా అది. ఒడ్డు మీద ఉన్నానని వేళ్ళకి తెలియలేదు."

"మరి నాకైనా చెప్పలేదేం?"

"పటం వచ్చేసింది. మేకు కొట్టేశావు. ఇంకెప్పుడు చెప్పను? నువ్వు అడిగావా?"

అడగలేదు. అర్జీ చింపి మళ్ళీ రాస్తానని లేచాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"చింపకు. పైన నువ్వు చెప్పింది అట్లాగే ఉండనీ. కింద ఇది రాయి. ఆ ఆఫీసరు రెండూ చూడాలి. వాళ్ళ ప్రశ్న ఇంకా నా మీద ఉంది కదా, గాలి లేస్తే పెట్టె ఎట్లా వెళుతుందని. జవాబు నేను రాసి సంతకం పెడతాను." కలం తీసుకుంది. తీసుకుని మళ్ళీ ఆగింది. "లైఫ్ జాకెట్లు అన్నచోట ఒకటి పెద్ద సైజు అని చేర్చు. నేను లావు. సిగ్గుపడి మామూలుది తెప్పించావంటే బొత్తాం పట్టదు."

కావున కోరికను సవరించడమైనది: లైఫ్ జాకెట్లలో ఒకటి పెద్ద సైజు.

దిగువది ఆవిడ స్వదస్తూరీ.

గాలి లేస్తే పెట్టె దోనెలో వెళుతుంది. నేను దాన్ని పట్టుకుని వెళతాను. మాకు పడవ లేదు.

ఎసినాతి,
ప్రిసైడింగ్ అధికారి, లుండ్వే కేంద్రం.
ఈత రాదు.